పన్నెండు సీజన్లు, ఒక్క ఫైనల్ లేదు: టైటాన్స్ జబ్బు వేలంలోనా, మ్యాట్ మీదా?

చివరి_రైడ్
సీజన్ 12లో, ఫైనల్‌కి ఒక్క మెట్టు ముందున్న క్వాలిఫయర్ 2లో, టైటాన్స్ పుణెరి పల్టన్ చేతిలో 50-45తో పోయాక అందరూ "పోన్లే, ఈసారి బానే ఆడారు" అని సర్దిచెప్పుకుంటున్నారు. నాకు మాత్రం మండుతోంది. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచి ఉన్న జట్టు తెలుగు టైటాన్స్. 2015లో మూడో స్థానం, 2016లో సీజన్ 4 సెమీస్, ఆ తర్వాత ప్లేఆఫ్ ఆడాలంటే 2025 దాకా ఆగాల్సొచ్చింది. మధ్యలో 8, 9, 10 సీజన్లు వరసగా 12వ స్థానం. ఉన్నవే 12 జట్లు. ఆ మూడు సీజన్లూ కలిపి 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు.

డబ్బు తీయలేదా అంటే తీశారు. సీజన్ 7లో రైడర్ (కూతకి వెళ్ళేవాడు) సిద్ధార్థ్ దేశాయ్‌కి 1.45 కోట్లు, సీజన్ 10లో ఇంకో రైడర్ పవన్ సెహ్రావత్‌కి 2.605 కోట్లు. రెండుసార్లూ వేలం అయిన రోజు పండగ, సీజన్ అయ్యాక తద్దినం. అసలు తప్పు ఎక్కడ జరుగుతోంది? "అదృష్టం బాలేదు" అనేవాళ్ళు ఈ చర్చాదారం జోలికి రావద్దు.

బోనస్‌లైన్_బాబాయ్
ఫైనల్ లేదంటావేంటి? పన్నెండు ఫైనల్స్ చూశాం. వేరేవాళ్ళవి.

లెక్కల_మాస్టారు
ఆ మూడు సీజన్లనీ ఒకే గాటన కట్టకండి. పాత పద్ధతిలో గెలిస్తే 5, టై అయితే 3, ఏడు లేదా అంతకన్నా తక్కువ తేడాతో ఓడితే 1. ఇప్పుడు విప్పి చూడండి.

సీజన్ 8: 1 గెలుపు, 4 టైలు, 17 ఓటములు, 27 పాయింట్లు. గెలుపుకి 5, టైలకి 12 తీసేస్తే మిగిలింది 10. అంటే 17 ఓటముల్లో 10 ఏడు పాయింట్ల లోపువే.

సీజన్ 9: 2 గెలుపులు, 20 ఓటములు, 15 పాయింట్లు. దగ్గరగా వచ్చి ఓడినవి 5. మిగతా 15 మ్యాచ్‌ల్లో పోటీయే లేదు.

సీజన్ 10: 2 గెలుపులు, 1 టై, 19 ఓటములు, 21 పాయింట్లు. దగ్గరివి 8.

స్థానం ఒకటే గానీ జబ్బులు వేరు. సీజన్ 8 జట్టుకి మ్యాచ్ ముగించడం రాలేదు, తొమ్మిదో సీజన్ జట్టుకి మొదలుపెట్టడమే రాలేదు.

గచ్చిబౌలి_గ్యాలరీ
సీజన్ 9 గురించి అడగకుండ్రి మాస్టారూ, కడుపు మండుతది. పేర్లు చూస్తే ఏం తక్కువున్నది? సిద్ధార్థ్ దేశాయ్, మోనూ గోయత్, అభిషేక్ సింగ్ రైడింగ్‌ల. సుర్జీత్, రవీందర్ పహల్, విశాల్ భరద్వాజ్, పర్వేశ్ డిఫెన్స్‌ల. కాయితం మీద కప్పు మనదే. మ్యాట్ మీద చూస్తే రెండే గెలుపులు. గిట్లెట్లయితది?

కార్నర్_కాపలా
గ్యాలరీ అన్న అడిగినదానికి. నలుగురు పేరున్న డిఫెండర్లని కొంటే డిఫెన్స్ రాదు. ఇది చాలామందికి అర్థం కాని ముక్క.

కోర్టు 13 మీటర్ల పొడవు, 10 వెడల్పు. మన సగం 6.5 మీటర్లు. మధ్యగీత నుంచి 3.75 మీటర్ల దగ్గర రైడర్ దాటి తీరాల్సిన బాక్ లైన్, దానికి ఇంకో మీటరు వెనక, దాటితే అదనపు పాయింటొచ్చే బోనస్ లైన్. రైడర్ బోనస్ కోసం కాలు చాచినప్పుడు అతని బరువంతా ఒక కాలి మీదే ఉంటుంది. కార్నర్, అంటే అంచున నిలబడే డిఫెండర్, అతని చీలమండ పట్టాల్సింది ఆ క్షణంలోనే. పట్టాక రైడర్ మధ్యగీత వైపు పడతాడు కాబట్టి కార్నర్‌కి లోపలివైపు నిలబడే డిఫెండర్, అంటే కవర్, అప్పటికే అడ్డం వచ్చి ఉండాలి. చూసి కదిలితే ఆలస్యమైనట్టే. కార్నర్ భుజం కదలికను బట్టి ముందే కదలాలి. ఆ అలవాటు కలిసి ఆడగా ఆడగా వస్తుందే తప్ప వేలంలో దొరకదు.

సీజన్ 9లో జరిగింది ఇదే. ఒక్కొక్కరూ తమ పాత జట్టులో మొదట దూకడానికి అలవాటుపడ్డవాళ్ళు. ఒకరు దూకితే రెండోవాడు సాయానికి కాక సొంతంగా దూకాడు. గొలుసు పట్టు విఫలమైతే రైడర్‌ని ముట్టిన ప్రతివాడూ అవుట్. ముగ్గురు ముట్టుకుని వదిలేశారంటే మూడు పాయింట్ల సూపర్ రైడ్ మనమే బంగారు పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు.

సూపర్‌టాకిల్_సుబ్బు
అడ్వాన్స్ టాకిల్ అనేది నేరంగా ప్రకటించాలి. మూడో నిమిషంలో, స్కోరు 2-2 ఉండగా, రైడర్ ఇంకా బాక్ లైన్ కూడా దాటకుండా మన కవర్ ఎగిరి దూకుతాడు చూడండి...

వైజాగ్_బీచ్_ఎండ్
దాటకపోతే పాయింటు లేని ఖాళీ రైడ్ కూడా అవ్వదు కదా బాబూ, రైడరే అవుట్. దూకకుండా నిలబడితే ఊరికే పాయింటొచ్చేది.

సూపర్‌టాకిల్_సుబ్బు
నేనన్నదీ అదేగా!

చివరి_రైడ్
కాపలా చెప్పింది ఒప్పుకుంటా. కానీ సీజన్ 10 సంగతి? అప్పుడు పవన్ ఒక్కడి మీదే పోశారు.

లెక్కల_మాస్టారు
అదీ లెక్కేద్దాం. పర్సు, అంటే ఒక జట్టు వేలంలో పెట్టగలిగే డబ్బు, 5 కోట్లు. పవన్‌కి 2.605 కోట్లు అంటే 52.1 శాతం. మిగిలింది 2.395 కోట్లు. జట్టులో కనీసం 18 మంది ఉండాలి. 17 మందికి పంచితే తలకి 14 లక్షలు. బి కేటగిరీ కనీస ధరే 20 లక్షలు, సి కేటగిరీది 13. అంటే పవన్ పక్కన మనం నిలబెట్టగలిగింది సగటున సి కేటగిరీ ఆటగాళ్ళని. ఇక పవన్ దొరికిపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

సీజన్ 7లో కూడా ఇంతే. అప్పటి పర్సు 4.4 కోట్లు, సిద్ధార్థ్‌కి 33 శాతం. పాపం అతను 200కి పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు 11వ స్థానం.

డల్లాస్_రైడర్
కొత్తవాళ్ళ కోసం ఎవరైనా చెప్పండి, స్టార్ రైడర్ బెంచ్ మీద కూర్చుంటే ఎందుకంత నష్టం? ఇంకొకడు వెళ్ళి కూత పెట్టొచ్చుగా. ఇక్కడ పొద్దున తొమ్మిదిన్నరకి మ్యాచ్ వస్తుంది, ఆఫీసులో శబ్దం తీసేసి చూడటం వల్ల వ్యాఖ్యానం వినే భాగ్యం లేదు.

కార్నర్_కాపలా
హాఫ్ 20 నిమిషాలు, రైడ్ 30 సెకన్లు. ప్రతిసారీ సమయం అంతా వాడితే హాఫ్‌కి 40 రైడ్లు, జట్టుకి 20. మన ప్రధాన రైడర్ అవుట్ కాగానే అవతలివాళ్ళు చేసే మొదటి పని ఆటని నెమ్మది చేయడం. రెండు ఖాళీ రైడ్లు వేస్తారు, మూడోదే డూ ఆర్ డై, పాయింటు తేకపోతే రైడర్ అవుట్. మనవాళ్ళూ భయంతో రెండు ఖాళీలు వేస్తే నాలుగు రైడ్లు, 2 నిమిషాలు హుష్. ఈలోగా మూడో రైడ్‌కి మన రెండో రైడర్ వెళ్ళి దొరికాడా, ఇంకో 2 నిమిషాలు.

అసలు చిక్కు ఇంకోటుంది. బోనస్ పాయింట్ వస్తే స్కోరు పెరుగుతుంది గానీ బెంచ్ మీదవాడు లోపలికి రాడు. టచ్ పాయింట్ గానీ పట్టు గానీ ఉంటేనే రివైవల్. అదీ ఎవరు ముందు అవుటైతే వాళ్ళే ముందు. పవన్ మూడోవాడిగా అవుటైతే మూడు పాయింట్లు తెచ్చేదాకా బెంచే. ముగ్గురో అంతకన్నా తక్కువమందో ఉండి రైడర్‌ని పట్టే సూపర్ టాకిల్‌కి 2 పాయింట్లు ఇస్తారు కానీ లోపలికొచ్చేది ఒక్కడే. అందుకే బోనస్‌లు మాత్రమే తెచ్చే రెండో రైడర్ స్కోరుబోర్డు మీద బాగా కనిపిస్తాడు, జట్టుని మాత్రం బతికించలేడు. పైగా అవతల ఆరుగురో ఏడుగురో ఉంటేనే బోనస్. అయిదుగురయ్యాక అదీ లేదు.

బోనస్‌లైన్_బాబాయ్
నా పేరు మీద ఇంత దెబ్బ కొట్టాలా కాపలా!

పుణె_తెలుగోడు
ఒక్కడి మీద పోస్తే మునుగుతారన్న లెక్క నాకు ఎక్కడంలేదు. అదే సీజన్ 10లో, అదే 5 కోట్ల పర్సుతో పుణెరి పల్టన్ ఇరాన్ ఆటగాడు షాద్లూ మీద 2.35 కోట్లు పెట్టింది. 47 శాతం. ఏమైంది? ఫైనల్లో హరియాణాని 28-25తో కొట్టి కప్పు ఎత్తుకుపోయింది. మరుసటి ఏడు హరియాణా అతన్ని 2.07 కోట్లకి కొంది, వాళ్ళూ కప్పు కొట్టారు. సగం పర్సు ఒక్కడికే పెట్టడం తప్పయితే వాళ్ళకి ఎలా పనిచేసింది మాస్టారూ?

గచ్చిబౌలి_గ్యాలరీ
దొరికిండు మాస్టారు 😂

కార్నర్_కాపలా
షాద్లూ లెఫ్ట్ కార్నర్. సీజన్ 10లో 99 టాకిల్ పాయింట్లు, సీజన్ 11లో 82. పైగా అవసరమైతే రైడ్‌కీ వెళ్తాడు. డిఫెండర్ మీద పెట్టిన డబ్బు వేరు, రైడర్ మీద పెట్టిన డబ్బు వేరు. రైడర్ మ్యాచ్‌కి 15 నుంచి 20 సార్లు ఒంటరిగా ఏడుగురి మధ్యకి వెళ్ళి దొరికే ప్రమాదం తలకెత్తుకుంటాడు. డిఫెండర్ తనకి నచ్చిన రైడ్‌లోనే చెయ్యి వేస్తాడు. ఎక్కువసేపు మ్యాట్ మీద ఉంటాడు.

లెక్కల_మాస్టారు
కాపలా సాయానికి వచ్చినందుకు సంతోషమే గానీ ఆ వాదనా నిలవదు. సీజన్ 12లో అదే షాద్లూని గుజరాత్ 2.23 కోట్లకి కొంది. మొదటి ఎనిమిదింట్లో కూడా లేదు. కాబట్టి పుణె_తెలుగోడు చెప్పిందాంట్లో సగం నిజం. ధర కాదు, ఎవరి పక్కన నిలబెట్టారన్నది. పుణెరికి షాద్లూ రాకముందే అస్లమ్ ఇనామ్‌దార్, మోహిత్ గోయత్, అబినేశ్, గౌరవ్ ఖత్రీ, సంకేత్ సావంత్ ఉన్నారు. కుర్రాళ్ళప్పుడే తక్కువ ధరకి తీసుకుని అట్టేపెట్టుకున్నారు. అందుకే సగం పర్సు ఒక్కడికి పోసినా మిగతా ఆరు చోట్లా ఖాళీ లేదు. మనం ఖాళీ ఇంట్లో ఝూమర్ వేలాడదీశాం.

పుణె_తెలుగోడు
ఇప్పుడు సరిగ్గా చెప్పారు. వాళ్ళకి యువ పల్టన్ అని కుర్రాళ్ళ జట్టే ఉంది. అక్కడ రెండేళ్ళు ఒకే కోచింగ్‌లో ఆడి పైకి వస్తారు. ఏ కార్నర్‌కి ఏ కవర్ అనేది ముందే కుదిరిపోయి ఉంటుంది.

మట్టి_కోర్టు
అసలు మాట ఇప్పుడొచ్చింది. పేరులో తెలుగు, జట్టులో తెలుగు వెతుక్కోవాలి. ఎందుకో ఎవరైనా అడిగారా? మన దగ్గర కబడ్డీ లేకనా? సంక్రాంతికి ఏ ఊరికెళ్ళినా టోర్నమెంటే. కానీ అదంతా మట్టి మీద, సాయంత్రం రెండు గంటలు. మ్యాట్ వేరే లోకం. మట్టి మీద పాదం జారుతుంది, ఆ జారుడుని వాడుకునే తప్పించుకుంటాం. మ్యాట్ మీద బూటు అతుక్కుపోతుంది. మట్టి అలవాటుతో తిరిగితే పాదం ఆగిపోయి మోకాలు తిరుగుతుంది. మట్టి మీద బాగా ఆడే కుర్రాడు మ్యాట్ ఎక్కగానే మోకాలు పోగొట్టుకునేది ఇందుకే. ముందు మలుపులు చిన్నవి చెయ్యడం, ఆగడం, వెనక్కి నెట్టుకోవడం నేర్పాలి. దానికి మ్యాట్ కావాలి. జిల్లాకి ఒకటైనా ఏడాదంతా పరిచి ఉండే మ్యాట్ లేకపోతే ఎక్కణ్ణుంచి వస్తారు?

ఇంకోటి, సీనియర్ పురుషుల బరువు పరిమితి 85 కిలోలు. ఊళ్ళ పోటీల్లో అడిగేవాడుండడు. 92 కిలోల కార్నర్ ఊరి హీరో, సెలక్షన్‌కి పోతే కాటా దగ్గరే ఇంటికి.

వైజాగ్_బీచ్_ఎండ్
హరియాణా కుర్రాళ్ళకి రైల్వేస్, సర్వీసెస్ దారి ఉంది. ఉద్యోగం దొరుకుతుంది, ఆటా సాగుతుంది. మనవాళ్ళు ఇరవై ఏళ్ళొచ్చేసరికి ఉద్యోగమా ఆటా అని తేల్చుకోవాలి. ఫ్రాంచైజీని ఒక్కదాన్నే తిడితే ఏం లాభం?

మట్టి_కోర్టు
ఫ్రాంచైజీని తిట్టట్లేదన్నా. కానీ విశాఖలో సీజన్ మొదలుపెట్టినప్పుడు స్టేడియం నిండింది కదా. ఆ నిండిన జనంలో పదోవంతు పిల్లలకి మ్యాట్ దొరికితే చాలు.

గచ్చిబౌలి_గ్యాలరీ
సీజన్ 12 విశాఖల మొదలుపెట్టి మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిండ్రు. తమిళ్ తలైవాస్ మీద 35-38, యూపీ మీద 35-40. గచ్చిబౌలిల అయితే సీజన్ 11 మొదటి మ్యాచ్‌ల బెంగళూరుని 37-29 కొట్టినం. చెప్తున్నా అంతే.

వైజాగ్_బీచ్_ఎండ్
2019 జూలై 20న గచ్చిబౌలిలోనే కదా యు ముంబా చేతిలో 31-25తో సీజన్ మొదలెట్టింది? అది లెక్కలోకి రాదా?

గచ్చిబౌలి_గ్యాలరీ
పాత ముచ్చట్లు తీస్తున్నవ్.

బోనస్‌లైన్_బాబాయ్
రాష్ట్రాలు రెండైనా ఓటమి ఉమ్మడి ఆస్తే. పంపకాల గొడవ వద్దు.

నైజాం_గోల్
మీరంతా అట్టడుగున ఉన్నామని ఏడుస్తున్నారు. ఫుట్‌బాల్‌లో మాకు ఏడవడానికి జట్టే లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుణె సిటీ స్థానంలో వచ్చింది. మొదటి సీజన్ ఆఖరి స్థానం. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో కొట్టి ఐఎస్ఎల్ కప్పు. ఓగ్బెచే ఆ సీజన్లో 18 గోల్స్, పెనాల్టీల్లో కట్టిమణి గోడలా నిలబడ్డాడు. మరుసటి ఏడు రెండో స్థానం. ఆ వెంటనే జీతాలు ఆగాయి, ఫిఫా బదిలీల నిషేధం పడింది, 2024 జనవరికి ఆటగాళ్ళు ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. 2023-24 మొత్తానికి 1 గెలుపు, 8 పాయింట్లు. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరే మారింది. ఫుట్‌బాల్‌లో చెత్త ఆటకి మందుంది, ఖాళీ ఖజానాకి లేదు.

సూపర్‌టాకిల్_సుబ్బు
పుణె నుంచి వచ్చి ఢిల్లీకి పోయింది. మన ఊళ్ళో లేఓవర్.

డెక్కన్_శేషం
జట్టు మాయమైపోవడం మాకు కొత్తా? డెక్కన్ చార్జర్స్ 2008లో 14 మ్యాచ్‌ల్లో 2 గెలిచి ఆఖరు, 2009లో దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు, 2012లో ఫ్రాంచైజీయే రద్దు. సన్‌రైజర్స్ వచ్చాక 2016లో కప్పు, 2021లో ఆఖరు, 2023లో ఆఖరు, 2024లో బెంగళూరు మీద 287 కొట్టి, అదే ఏడు ఫైనల్లో 113కి ఆలౌట్. హైదరాబాద్ జట్లకి మధ్యస్థం అనేది ఉండదు. అయితే మిద్దె, లేకపోతే నేలమాళిగ.

చివరి_రైడ్
మీకు మిద్దె అయినా దక్కింది స్వామీ. దారం తప్పుతోంది, టైటాన్స్‌కి రండి.

డల్లాస్_రైడర్
సీజన్ 11 గురించి ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు కూడా 12 గెలుపులున్నాయి కదా, ప్లేఆఫ్‌కి ఎందుకు పోలేదు?

లెక్కల_మాస్టారు
ఆ ఏడు ఆరో స్థానంలో ఉన్న జైపూర్‌కీ 12 గెలుపులే. కానీ వాళ్ళకి 2 టైలు, మనకి ఒక్కటీ లేదు. వాళ్ళు 70, మనం 66, ఏడో స్థానం. అంటే ఓడిపోతున్న మ్యాచ్‌ని కనీసం టై చేసుకోవడం రాకపోవడమే దెబ్బ. అవతల ఒక పాయింటు ముందుండి, 40 సెకన్లు మిగిలి, రైడ్ మనదైతే బోనస్ చాలు. ఆ సమయంలో మనవాళ్ళు రెండు పాయింట్ల కోసం వెళ్ళి దొరికిపోతారు. రైడ్ ముందు డగౌట్ నుంచి "బోనస్ చాలు" అని కేకేసి చెప్పే మనిషి కావాలి.

కార్నర్_కాపలా
ఆ మనిషి ఇప్పుడున్నాడు, దాన్ని ఎవరూ గుర్తించట్లేదు. సీజన్ 7లో ఇరాన్ నుంచి మాజందరానీ, సీజన్ 10లో శ్రీనివాస్ రెడ్డి, మధ్యలో ఇంకొందరు. కొత్త కోచ్ వస్తే కొత్త డిఫెన్స్ పద్ధతి. ఒకరు కార్నర్లని ముందు కదలమంటారు, ఇంకొకరు కవర్ డాష్ (రైడర్‌ని ఢీకొట్టి బయటికి నెట్టడం) మీద ఆడమంటారు. ఆటగాళ్ళు నేర్చుకునేలోపు సీజన్ అయిపోతుంది. కృషన్ కుమార్ హుడా సీజన్ 11లో వచ్చారు, సీజన్ 12లోనూ ఉన్నారు. లీగ్ పట్టికలో ఏడో స్థానం, తర్వాత నాలుగో స్థానం. సీజన్ 8లో దబంగ్ ఢిల్లీకి కప్పు తెచ్చింది ఆయన కోచింగే. రెండో ఏడు అదే గొంతు వినబడటం వల్లే ఈ తేడా అని నా నమ్మకం.

మట్టి_కోర్టు
ఇంకో తేడా కూడా ఉంది. డబ్బు పంపకం మారింది. సీజన్ 11లో పవన్‌ని 1.725 కోట్లకి ఎఫ్‌బీఎం పెట్టి ఉంచుకున్నారు. సీజన్ 12లో వదిలేశారు, తలైవాస్ 59.5 లక్షలకి కొంది. ఆ డబ్బుతో భరత్ హూడా 81 లక్షలు, విజయ్ మలిక్ 51.5 లక్షలు. ఇద్దరికీ కలిపి 1.325 కోట్లు.

లెక్కల_మాస్టారు
పర్సులో 26.5 శాతానికి ఇద్దరు రైడర్లు. రెండేళ్ళ ముందు 52 శాతానికి ఒక్కడు. ఈ ఒక్క వాక్యం ఫ్రేమ్ కట్టించి ఆఫీసులో పెట్టుకోవాలి వాళ్ళు.

డల్లాస్_రైడర్
ఎఫ్‌బీఎం అంటే?

సూపర్‌టాకిల్_సుబ్బు
ఫైనల్ బిడ్ మ్యాచ్. కిందటి సీజన్ మన దగ్గర ఆడినవాడిని వేలంలో వేరేవాళ్ళు పాడి గెలిచాక, అదే ధర మేమిస్తాం అని కార్డు ఎత్తి వెనక్కి లాక్కోవడం. విజయ్ మలిక్‌నీ అలాగే తెచ్చుకున్నారు. మోసం ఏంటంటే, నువ్వు ఎత్తుతావని తెలిసిన పక్క జట్టు కావాలనే ధర పెంచుతుంది. పర్సు ఖాళీ చేయించడానికి.

గచ్చిబౌలి_గ్యాలరీ
పవన్‌ని గిట్ల తక్కువ చేసి మాట్లాడుడు నాకైతే నచ్చుతలేదు. సీజన్ 10ల వాడొక్కడు లేకుంటే ఆ రెండు గెలుపులు కూడా లేకుండె. తప్పు వాడిదా? చుట్టూ ఎవ్వడు లేకుండ పంపినోళ్ళది.

లెక్కల_మాస్టారు
ఆటగాడిని ఎవరూ అనట్లేదు తమ్ముడూ. ఇంతకుముందు రాహుల్ చౌదరిదీ ఇదే కథ. ఆరు సీజన్లు మన జట్టుకే ఆడాడు, లీగ్‌లో 500 రైడ్ పాయింట్లు మొదట అందుకున్నది తనే. మరి అతని చుట్టూ? దీపక్ హూడా మొదట్లో మన దగ్గరే ఉన్నాడు, 2014 వేలంలో 12.6 లక్షలు, అప్పటికి రెండో అత్యధిక ధర. తర్వాత పుణెరికి పోయాడు. సుకేశ్ హెగ్డే మనవాడే, సీజన్ 5కి గుజరాత్‌కి కెప్టెన్ అయ్యాడు. స్టార్‌ని పట్టుకుని మిగతావాళ్ళని జారవిడుచుకోవడం మనకి మొదటి నుంచీ ఉన్న రోగం.

వైజాగ్_బీచ్_ఎండ్
అందరూ కలిసి సీజన్ 12ని ఆకాశానికెత్తుతున్నారు గానీ ప్లేఆఫ్ స్కోర్లు చూడండి. మినీ క్వాలిఫయర్‌లో బెంగళూరు మీద 37-32. ఎలిమినేటర్ 3లో పట్నా మీద 46-39. క్వాలిఫయర్ 2లో పుణెరి మీద 45-50. కొట్టింది 37, 46, 45. ఇచ్చింది 32, 39, 50. రైడింగ్ కప్పు స్థాయిలో ఉంది. డిఫెన్స్ మ్యాచ్ మ్యాచ్‌కీ కిందికి పోయింది. 45 కొట్టి ఓడిన జట్టుకి ఇంకో రైడర్ కొంటే దేవుడు కూడా క్షమించడు.

కార్నర్_కాపలా
వంద శాతం. ఫైనల్ ఎంతతో ముగిసిందో చూశారుగా, ఢిల్లీ 31, పుణెరి 28. పెద్ద మ్యాచ్‌లు ముప్పైల్లో తేలతాయి. నలభైల్లోకి పోయిందంటే మన డిఫెన్స్ చేతులెత్తేసినట్టే.

చివరి_రైడ్
మరి సీజన్ 12 కొత్త పాయింట్ల పద్ధతి మనకి మేలు చేసిందా? గెలిస్తే 2, ఓడితే సున్నా, టై అయితే టైబ్రేకర్.

లెక్కల_మాస్టారు
18 మ్యాచ్‌ల్లో 10 గెలుపులు, 20 పాయింట్లు. పాత పద్ధతి ఉంటే దగ్గరి ఓటములకి ముక్కా చెక్కా వచ్చేవి. ఇప్పుడు 3 తేడాతో ఓడినా 20 తేడాతో ఓడినా ఒకటే. అందువల్ల ఆఖరి నిమిషాల్లో ఓటమిని ఏడు లోపు కుదించుకుని సంతృప్తిపడే ఆట పోయింది. మన సీజన్ 8 జట్టు ఈ పద్ధతిలో ఆడి ఉంటే ఆ 4 టైలలో కనీసం ఒకటో రెండో టైబ్రేకర్‌లోనూ తేలక, ఒక్క రైడ్‌తో తేల్చే గోల్డెన్ రైడ్ దాకా పోయేవి. ఆపైన పది దగ్గరి ఓటములకీ గుండుసున్నా.

పుణె_తెలుగోడు
వచ్చే వేలానికి ముందు చూడాల్సింది ఎవరిని కొన్నారని కాదు, ఎవరిని ఉంచుకున్నారని. రెండు కార్నర్లూ, కనీసం ఒక కవర్, ఈ ముగ్గురూ అట్టేపెట్టుకున్న జాబితాలో ఉంటే సగం పని అయినట్టు. శుభమ్ షిండే, అజిత్ పవార్, అంకిత్ జగ్లాన్ ఈ సీజన్ కలిసి ఆడారు. ఇప్పుడిప్పుడే ఒకరి కదలిక ఒకరికి తెలుస్తోంది. వీళ్ళని విడదీస్తే మళ్ళీ మొదటికి వస్తాం.

మట్టి_కోర్టు
కొత్త కుర్రాళ్ళ జాబితా కూడా చూడండి. ఒకరిద్దరు తెలుగు కుర్రాళ్ళని తీసుకుని బెంచ్ మీద కూర్చోబెట్టి ఫోటోలు దింపడం కాదు. లీగ్ దశలో స్కోరు తేడా పది దాటినప్పుడైనా మ్యాట్ మీదకి దింపాలి.

సూపర్‌టాకిల్_సుబ్బు
తేడా పది ఎటువైపు?

మట్టి_కోర్టు
మన చరిత్ర ప్రకారం ఎటైనా అవకాశాలకి కొదవ లేదు.

కార్నర్_కాపలా
ఎవరైనా వేలం చూసేటప్పుడు ఒకటి గమనించండి. ఎ కేటగిరీ 30 లక్షల దగ్గర మొదలవుతుంది, మొదటి గంటలో అందరి పర్సులూ నిండుగా ఉంటాయి కాబట్టి ధరలు ఎగురుతాయి. బి, సి కేటగిరీ కవర్లు వచ్చేసరికి చాలామంది జేబులు ఖాళీ. అప్పటికి కోటి చేతిలో ఉన్న జట్టు మంచి కవర్లని కనీస ధరకే ఏరుకోవచ్చు. మనవాళ్ళు ప్రతిసారీ మొదటి గంటలోనే చప్పట్లు కొట్టించుకుని, తర్వాత వేలం తెడ్డు కింద పెట్టి కూర్చుంటారు. ఈసారి మొదటి గంట మౌనంగా ఉంటే నేను గుడికెళ్ళి కొబ్బరికాయ కొడతా.

గచ్చిబౌలి_గ్యాలరీ
మౌనంగుంటే మళ్ళ "యాజమాన్యానికి పైసలు తీసే మనసు లేదు" అని గీడనే ఇంకో దారం తెరుస్తరు మీరే.

చివరి_రైడ్
తెరిచేది నేనే. ఇప్పుడే చెప్తున్నా.

బోనస్‌లైన్_బాబాయ్
లెఫ్ట్ కవర్‌కి 20 లక్షలు దాటొద్దు అని ఇక్కడ రాస్తే యాజమాన్యం చదివి పాటిస్తుందని నమ్మేవాళ్ళు చేతులెత్తండి.

సూపర్‌టాకిల్_సుబ్బు
రెండూ ఎత్తా. అంపైర్ నన్ను అవుటిచ్చాడు.